పరిశోధనల్లో తేలిందట.. ఎన్నింట్లో?

మన పేపర్లలో వారానికి రెండుసార్లైనా కనబడే వాక్యం ఒకటుంది. "పరిశోధనల్లో తేలింది". కాఫీ మంచిదని తేలింది, కాదని తేలింది. పిల్లలకి హోంవర్కు ఇవ్వాలని తేలింది, అక్కర్లేదని తేలింది. ఎవరు తేల్చారో, ఎంతమంది మీద తేల్చారో, తేలినదాన్ని ఇంకెవరైనా మళ్ళీ ముంచి చూశారో లేదో మాత్రం రాయరు. మనమూ అడగం. మన అభిప్రాయానికి సరిపోతే వాట్సాప్‌లో నలుగురికీ పంపిస్తాం, సరిపోకపోతే పేజీ తిప్పేస్తాం.

ఈ మధ్య నాకు అడగాల్సిన అవసరం పడింది.

మా మేనల్లుడు ఏడో తరగతి. వాళ్ళ స్కూల్లో (పేరెందుకులెండి) ఈ ఏడాది మొదట్లో ఓ పరీక్ష పెట్టి, మార్కుల ప్రకారం పిల్లల్ని ఎ, బి, సి సెక్షన్లుగా విడగొట్టారు. మావాడికి సి వచ్చింది. అక్క వెళ్ళి అడిగితే, "ఒకే స్థాయి పిల్లల్ని ఒకచోట కూర్చోబెడితే బాగా నేర్చుకుంటారమ్మా, పరిశోధనల్లో తేలింది" అన్నారట. బావకి ఇది తల కొట్టేసినట్టైంది. అరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఓ రెసిడెన్షియల్ స్కూల్లో పడేద్దాం అని పట్టుబట్టాడు. దాని ఫీజు వాళ్ళిద్దరి మూడు నెలల జీతం. పన్నెండేళ్ళ పిల్లాడు హాస్టల్లో. వాడేమో ఇంట్లో మాట్లాడ్డమే మానేశాడు. అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, రోజంతా ఆ కంప్యూటర్ ముందేగా కూర్చుంటావు. నిజంగా అలా తేలిందో లేదో చూసి చెప్పు. మీ బావ నా మాట వినడు, కాగితం చూపిస్తే వింటాడు" అంది.

మనిళ్ళల్లో సాఫ్ట్‌వేర్ వాడంటే ప్రింటర్ దగ్గర్నుంచి పిల్లల చదువుదాకా అన్నీ తెలుసని లెక్క కదా :) సరే అన్నాను.

వెతకడం మొదలెట్టగానే రెండు రకాలవీ దొరికాయి. ఉదాహరణకి కెన్యాలో డఫ్లో, డుపాస్, క్రేమర్ కలిసి 121 ప్రైమరీ స్కూళ్ళలో ప్రయోగం చేసి 2011లో ప్రచురించారు. మార్కుల ప్రకారం ఒకటో తరగతిని రెండు సెక్షన్లుగా విడగొడితే, పద్దెనిమిది నెలల తరవాత పిల్లలందరికీ లాభమే కనబడింది, వెనకబడ్డవాళ్ళతో సహా. అమ్మయ్య, స్కూలువాళ్ళదే రైటు అనుకునేలోపు, సెక్షన్లు చేస్తే ఏమీ ఒరగదని చెప్పే అధ్యయనాలు వరసగా ఎదురయ్యాయి. ఇప్పుడేం చెయ్యాలి? చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టాలా?

ఓట్ల లెక్క పనిచెయ్యదు. నలభై మంది పిల్లల మీద చేసినదానికీ నాలుగు వేల మంది మీద చేసినదానికీ ఒకే ఓటు అంటే న్యాయం కాదు. పైగా చిన్న అధ్యయనాల్లో నిజంగా ప్రభావం ఉన్నా, శాంపిల్ చాలక "ఏమీ తేలలేదు" అనే వస్తుంది. అలాంటివి పది పోగేస్తే పదీ "లేదు" అనే ఓటేస్తాయి. కానీ ఆ పదింటి డేటానీ కలిపి చూస్తే "ఉంది" అని తేలొచ్చు.

అలా కలిపి చూసే పద్ధతికే మెటా అనాలిసిస్ అని పేరు. పేరు పెట్టింది జీన్ గ్లాస్ అనే అమెరికన్, 1976లో. పని మాత్రం అంతకంటే పాతది. కార్ల్ పియర్సన్ 1904లోనే టైఫాయిడ్ టీకా పనిచేస్తోందా లేదా అని బ్రిటిష్ సైనికుల లెక్కలు రకరకాల చోట్లనుంచి తెప్పించి కలిపి చూశాడు. అందులో మన దేశంలో కొలువు చేసిన సైనికుల లెక్కలూ ఉన్నాయి.

గ్లాస్ కథలో నాకు నచ్చిన విషయం ఒకటి. ఐసెంక్ అనే పేరుమోసిన సైకాలజిస్టు 1952 నుంచీ సైకోథెరపీ వల్ల ఉపయోగముందనడానికి ఆధారాల్లేవని వాదిస్తూ వచ్చాడు. గ్లాసేమో తనే థెరపీ తీసుకుని బాగుపడ్డవాడు. ఒళ్ళు మండి, మేరీ లీ స్మిత్‌తో కలిసి దొరికిన అధ్యయనాలన్నీ పోగేసి 1977లో లెక్క తేల్చాడు. 375 అధ్యయనాలు, 833 ఎఫెక్ట్ సైజులు, సగటు 0.68. ఐసెంక్ దీన్ని "మహా వెర్రితనం" అని కొట్టిపారేశాడనుకోండి, అది వేరే సంగతి.

ఎఫెక్ట్ సైజ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక చోట వందకి పరీక్ష పెడతారు, ఇంకోచోట ఇరవైకి పెడతారు. వాటిని నేరుగా కలపలేం. అందుకని రెండు గుంపుల సగటుల తేడాని ఆ పరీక్ష స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తారు. అప్పుడు అన్నీ ఒకే కొలతలోకి వస్తాయి. 0.2 అంటే, వందమందిలో సరిగ్గా మధ్యన ఉండాల్సిన పిల్లాడు ఎనిమిది మందిని దాటి ముందుకొచ్చాడని. 0.05 అంటే ఇద్దర్ని దాటాడు, అంతే. 0.68 అంటే మధ్యలోంచి డెబ్భై ఐదో స్థానానికి.

ఇప్పుడు పైన చెప్పిన రెండంకెలు మళ్ళీ చూడండి. అధ్యయనాలు 375, ఎఫెక్ట్ సైజులు 833. అంటే సగటున ఒక్కో అధ్యయనం రెండు ఓట్ల పైనే వేసింది. నేను అసలు చెప్పాలనుకున్న సంగతి ఇక్కడే మొదలవుతుంది.

మీ ప్రొడక్షన్ సర్వర్ పడిపోయిందనుకోండి. ఒకే కస్టమర్ నుంచి నలభై టికెట్లు వచ్చాయి, మిగతా ముగ్గురు కస్టమర్ల నుంచి తలా ఒకటి. "43 ఫిర్యాదులొచ్చాయి, అందులో 93 శాతం లాగిన్ గురించే" అని మేనేజర్‌కి రిపోర్టు ఇస్తే ఒప్పుకుంటాడా? పెళ్ళి భోజనాల దగ్గరైనా అంతే. ఒకే ఇంటినుంచి వచ్చిన ఐదుగురు "గుత్తొంకాయ అదిరింది" అంటే అది ఐదు అభిప్రాయాలు కాదు, ఒకటిన్నర అనుకోవచ్చు. ఒకే కారులో వచ్చారు, ఒకే బంతిలో కూర్చున్నారు, ఒకే గిన్నెలోంచి వడ్డించారు.

మన రాష్ట్రంలోనే జరిగిన ఉదాహరణ చెప్తాను. 2005లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పల్లెటూళ్ళ ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ళలో పెద్ద ప్రయోగం మొదలెట్టారు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ దగ్గరుండి నడిపించింది. ఐదు జిల్లాలు, 500 స్కూళ్ళు, లాటరీ వేసి వందేసి చొప్పున ఐదు గుంపులు. ఒక గుంపులో పిల్లల మార్కులు పెరిగితే ఆ స్కూలు టీచర్లందరికీ కలిపి బోనస్, ఇంకోదాంట్లో ఎవరి బోనస్ వాళ్ళకి, మూడోదాంట్లో అదనంగా ఓ కాంట్రాక్టు టీచరు, నాలుగోదాంట్లో స్కూలుకి నగదు గ్రాంటు. ఐదో వంద స్కూళ్ళకి ఏమీ ఇవ్వలేదు, పోల్చి చూడ్డానికి. రెండేళ్ళ తరవాత బోనస్ ఇచ్చిన స్కూళ్ళ పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 మేర ముందున్నారని 2011లో ప్రచురించారు.

ఇప్పుడు ఎవరైనా దీన్ని మెటా అనాలిసిస్‌లో చేర్చాలనుకుంటే ఎన్ని అంకెలు తియ్యొచ్చో చూడండి. నాలుగు పథకాలు, రెండు సబ్జెక్టులు, రెండు సంవత్సరాలు. పదహారు! పదహారూ ఒకే రాష్ట్రం, ఒకే ప్రశ్నపత్రాలు, ఒకే బృందం. పైగా నాలుగు పథకాలనీ పోల్చింది అదే వంద స్కూళ్ళతో. ఆ వంద స్కూళ్ళ పిల్లలు ఏ కారణం చేతైనా ఆ ఏడు కాస్త తక్కువ రాస్తే, నాలుగు పథకాలూ ఒకేసారి గొప్పగా కనబడతాయి. ఇవి పదహారు విడివిడి సాక్ష్యాలు ఎలా అవుతాయి?

ఊరికే లెక్క కోసం (ఈ అంకెలు నేను వేసుకున్నవి) ఒక అధ్యయనం పదహారు అంకెలిచ్చింది, అన్నీ 0.30 అనుకుందాం. ఇంకో మూడు అధ్యయనాలు తలా ఒకటిచ్చాయి, 0, 0.05, 0.05. పంతొమ్మిదింటినీ కలిపి సగటు తీస్తే 0.26. అధ్యయనానికి ఒక ఓటు చొప్పున తీస్తే 0.10. మధ్య కుర్రాణ్ణి ఒక లెక్క పది మందిని దాటిస్తుంది, ఇంకో లెక్క నలుగుర్ని. డేటా అదే. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

"అయితే అధ్యయనానికి ఒక ఓటే ఇద్దాం, గొడవ వదిలిపోతుంది" అంటారేమో. చాలాకాలం అలాగే చేశారు కూడా. ఒక్కో అధ్యయనంలోని అంకెలన్నీ సగటు చేసి ఒకటి చెయ్యడం, లేదా వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం. ఎంచుకోవడంలో ఇబ్బంది మీకు తెలిసిందే, ఎంచేవాడి మనసులో ముందే ఓ జవాబుంటుంది. సగటులో ఇబ్బంది వేరు. ఆ ఆంధ్రప్రదేశ్ ప్రయోగంలోనే నగదు గ్రాంటు సంగతి తీసుకోండి. మొదటేడు పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు ప్రభావం లేదు. ఎందుకంటే గ్రాంటు వస్తుందని తెలిశాక తల్లిదండ్రులు పిల్లల చదువు మీద తమ జేబులోంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఈ రెండేళ్ళనీ సగటు చేస్తే "గ్రాంటు వల్ల కొంచెం లాభం" అని వస్తుంది. ఆ ముక్క ఏ ఏడాదికీ నిజం కాదు. అసలు నేర్చుకోవాల్సిన విషయమే ఆ తేడాలో ఉంది, దాన్ని మనమే తుడిచేశాం.

ఇక్కడే మల్టీలెవెల్ మెటా అనాలిసిస్ వస్తుంది. దీని ఆలోచన చదువుల ప్రపంచంలోంచే పుట్టింది. పిల్లలు తరగతిలో ఉంటారు, తరగతి స్కూల్లో ఉంటుంది. ఒకే తరగతి పిల్లలు ఒకరికొకరు కొంత పోలి ఉంటారు, కాబట్టి వాళ్ళని సంబంధంలేని మనుషుల్లా లెక్కెయ్యకూడదు. ఈ లెక్కలు బాగా తెలిసిన రాడెన్‌బుష్, బ్రైక్ 1985లో, మెటా అనాలిసిస్ కూడా ఇలాంటి అంతస్తుల మేడే కదా అని గుర్తించారు. తరవాత బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీలో వాన్ డెన్ నార్ట్‌గేట్ బృందం ఒకే అధ్యయనంలోంచి వచ్చే అనేక అంకెల కోసం మూడంతస్తుల నమూనాని పరీక్షించి 2013లో వివరంగా రాసింది.

ఆ మూడంతస్తులు ఇవీ. ఒక అంకెకీ ఇంకో అంకెకీ తేడా ఎందుకొచ్చింది అంటే మూడు కారణాలుండొచ్చు. ఒకటి, శాంపిల్ చిన్నదవడం వల్ల వచ్చే ఊగిసలాట, అది అదృష్టం. రెండు, ఒకే అధ్యయనం లోపల నిజంగానే తేడాలుండటం, లెక్కల్లో ఒకలా భాషలో ఒకలా. మూడు, అధ్యయనానికీ అధ్యయనానికీ తేడా, కెన్యా వేరు, అమెరికా వేరు. మామూలు మెటా అనాలిసిస్ రెండోదాన్నీ మూడోదాన్నీ ఒకే సంచిలో వేస్తుంది. మల్టీలెవెల్ విడదీసి కొలుస్తుంది.

కొలిచాక, ఎవరికెన్ని ఓట్లో మనం నిర్ణయించక్కర్లేదు, డేటాయే నిర్ణయిస్తుంది. నా బొమ్మ లెక్కలోలా ఒక అధ్యయనంలోని పదహారూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టుంటే, జవాబు 0.10 దగ్గరికి వెళ్తుంది. అదే ఆ పదహారూ వేర్వేరు అధ్యయనాలంత భిన్నంగా ఉంటే, వాటికి ఎక్కువ మాట దక్కి జవాబు రెండోవైపు జరుగుతుంది. సగటు కన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. "ఈ జవాబు ఎంత నమ్మకం?" అనే లెక్క. ఒకే ఇంటివాళ్ళని విడివిడిగా లెక్కేస్తే లేని నమ్మకం వచ్చిపడుతుంది. మల్టీలెవెల్‌లో ఆ పొంగు దిగిపోతుంది. అదే పిల్లల్నీ, అదే కంట్రోల్ గుంపునీ మళ్ళీ మళ్ళీ వాడినప్పుడు మొదటి అంతస్తు ఊగిసలాటలు కూడా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. దానికోసం హెడ్జెస్, టిప్టన్, జాన్సన్ 2010లో ఇచ్చిన రోబస్ట్ వేరియెన్స్ పద్ధతిని ఇన్సూరెన్సులా పైన కలుపుతారు.

మనవాళ్ళకి టూలు పేరు చెప్పకపోతే తృప్తి ఉండదు కాబట్టి, ఆర్ భాషలో "మెటాఫర్" అనే ఉచిత ప్యాకేజీ ఉంది, వోల్ఫ్‌గాంగ్ వీష్ట్‌బావర్ రాసింది. మోడల్ రాయడానికి నాలుగు లైన్లు చాలు. డేటా సరిగ్గా పోగెయ్యడానికే నెలలు పడతాయి. మన ప్రాజెక్టుల్లాగే అన్నమాట.

ఇక మావాడి సంగతికొద్దాం. ఈ సెక్షన్ల మీద వందేళ్ళ పరిశోధనని కలిపి, మెటా అనాలిసిస్‌లనే మళ్ళీ పోగేసి, 2016లో అమెరికాలో ఓ పేపరొచ్చింది. తరగతి మొత్తాన్నీ మార్కుల ప్రకారం సెక్షన్లుగా విడగొడితే వచ్చే లాభం 0.04 నుంచి 0.06. ఉన్నా లేనట్టే. తెలివైనవాళ్ళకీ, మధ్యరకానికీ, వెనకబడ్డవాళ్ళకీ తేడా లేదు. అదే ఒక తరగతి లోపలే చిన్న గుంపులు చేసి చెప్తే 0.19 నుంచి 0.30. అంటే "పరిశోధనల్లో తేలింది" అన్న ఆ స్కూలు మాటకి ఇందులో దన్ను లేదు. అలాగే, "సి సెక్షన్‌లో పడ్డాడు, వీడి పని అయిపోయింది" అన్న బావ భయానికీ దన్ను లేదు.

ఇక్కడితో ఆపేస్తే నేనూ సగటు చేసి చేతులు దులుపుకున్నట్టే. కెన్యాలో మరి 0.14 ఎందుకొచ్చింది? మూడో అంతస్తు తేడా చూడమని పద్ధతి చెప్తోంది కదా. చూస్తే, అక్కడ ఏ సెక్షన్‌కి ఏ టీచరో లాటరీ వేసి పంచారు. ఒకే స్థాయి పిల్లలుండటం వల్ల టీచరు వాళ్ళ స్థాయికి దిగి చెప్పగలిగారు. మన దేశంలో ప్రథమ్ సంస్థ చేసే పద్ధతి కూడా కొంత అలాంటిదే. ఏ తరగతి అని చూడకుండా ఎంత చదవగలరో చూసి గుంపులు చేస్తారు, పిల్లాడు ముందుకెళ్ళగానే పై గుంపులోకి మారుస్తారు. మరి మనూళ్ళ స్కూళ్ళలో? మంచి టీచరు ఎ సెక్షన్‌కి పోవడం, ఒకసారి సి అని రాస్తే ఏడాదంతా సి. పేరొకటే, "సెక్షన్లు". లోపలి సరుకు వేరు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. 1968లో రోసెంతాల్, జేకబ్‌సన్ ఓ స్కూల్లో టీచర్లకి, "ఈ పిల్లలు ఈ ఏడు బాగా వికసిస్తారు" అని లాటరీలో తీసిన పేర్లిచ్చారు. ఏడాది చివర చిన్న తరగతుల్లో ఆ పిల్లల ఐక్యూ నిజంగానే పెరిగిందని రాశారు. పెద్ద గొడవైంది, చాలామంది మళ్ళీ చేసి చూశారు. రాడెన్‌బుష్ 1984లో అలాంటివి 18 ప్రయోగాలు కలిపి చూస్తే సగటు చాలా చిన్నది. కానీ తేడా ఎక్కడుందని వెతికితే దొరికింది. టీచరుకి పిల్లలు పరిచయమై రెండు వారాలు దాటకముందే ఆ మాట చెవిన వేస్తే ప్రభావం బాగా ఉంది. దాటాక చెప్తే దాదాపు లేదు. పిల్లాణ్ణి ఎరిగిన టీచరు ఎవరో వేసిన చీటీని నమ్మరు. ఇది మంచి చీటీల మీద చేసిన లెక్కే, సి అనే చీటీ కూడా అలాగే పనిచేస్తుందని దీన్నిబట్టి చెప్పలేం. అయినా ఏడాది మొదట్లోనే చీటీలు వేసే స్కూలుని అడగడానికి ఓ ప్రశ్న మాత్రం దొరికింది.

అక్కకి కాగితం మీద మూడు ప్రశ్నలు రాసిచ్చాను. సి సెక్షన్‌కి చెప్పే టీచర్లు ఎవరు, ఎ సెక్షన్‌కి ఎవరు? పిల్లల్ని మళ్ళీ ఎప్పుడు పరీక్షించి మారుస్తారు? సి సెక్షన్‌లో పాఠం వాళ్ళ స్థాయి నుంచి మొదలెడతారా, లేక అదే పాఠం నెమ్మదిగా చెప్తారా? బావ కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇందులో మీ స్కూలు మంచిదనీ లేదు, చెడ్డదనీ లేదు, ఏంటిది బావమరిదీ" అన్నాడు. "అది మనం వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది బావా, అమెరికావాళ్ళకి తెలీదు" అన్నాను.

ఇద్దరూ వెళ్ళి అడిగారు. లెక్కల టీచరు బి, సిలకి ఒకరే, ఎ కి వేరే ఆయన. క్వార్టర్లీ తరవాత మారుస్తామని ప్రిన్సిపల్ అన్నారట, కానీ రాతపూర్వకంగా ఏమీ లేదు. సి సెక్షన్ క్లాస్ టీచరు మాత్రం, "భిన్నాల దగ్గర ఆగిపోయాడమ్మా, అక్కణ్ణుంచి చెప్తున్నా" అందిట. పిల్లాడు ఎక్కడ ఆగాడో ఆవిడకి తెలుసు. ఆ ఒక్క మాటతో బావ కొంచెం మెత్తబడ్డాడు. హాస్టల్ సంగతి క్వార్టర్లీ దాకా వాయిదా. ఆ తరవాత ఏమవుతుందో నాకు తెలీదు.

ఈ పద్ధతిని చూసి మురిసిపోకండి మరి. 2022లో "నడ్జ్"ల మీద, అంటే మనుషుల్ని మంచి ఎంపికవైపు మెల్లగా తోసే చిట్కాల మీద, మల్టీలెవెల్ పద్ధతిలోనే ఓ పెద్ద మెటా అనాలిసిస్ వచ్చింది. 200కి పైగా పేపర్లు, 400కి పైగా అంకెలు, సగటు 0.43. అదే ఏడు అదే పత్రికలో ఇంకో బృందం, ఫలితం రాని అధ్యయనాలు ప్రచురణకే నోచుకోవు కదా, ఆ లోటు సరిచేసి చూస్తే ప్రభావముందనడానికి ఆధారమే మిగల్లేదని రాసింది. అంతస్తులు ఎన్ని కట్టినా, కింద పోసిన ఇసుక ఇసుకే. మన హెచ్‌ఆర్ వాళ్ళు ట్రైనింగుల్లో ఊదరగొట్టే "గ్రోత్ మైండ్‌సెట్" మీద కూడా 2023లో ఒకే పత్రికలో రెండు మెటా అనాలిసిస్‌లు వచ్చాయి. ఒకటి సగటు చూసి పెద్దగా లేదంది, ఇంకోటి ఎవరికి పనిచేస్తుందో చూడాలంది.

కాబట్టి ఈసారి ఎవరైనా స్లయిడ్ మీద ఒకే ఒక్క అంకె చూపించి "రీసెర్చ్ సేస్" అంటే, ఆ అంకె ఎన్ని అధ్యయనాలది, ఆ అధ్యయనాలు ఒక్కోటి ఎన్ని ఓట్లేశాయి, వాటి మధ్య తేడా ఎంత అని అడగండి. మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండింటికీ ఉన్నా పెద్ద ఉపయోగం లేదు. మనకి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చేది సగటు పిల్లాడి గురించి కాదు. మావాడిలాంటి ఒక పిల్లాడి గురించి, ఒక స్కూల్లో, ఒక టీచరు దగ్గర.

ఇప్పుడు ఫోన్లో భిన్నాలు చెప్పాలి. మూడింట రెండు పెద్దదా, ఐదింట మూడు పెద్దదా అని పొద్దున్నించీ నాలుగు మెసేజ్‌లు పెట్టాడు.